కల్వంలో మైనం

ఆ పొద్దున మబ్బు ఊరి మీద మూకుడు బోర్లించినట్టు కూర్చుంది. కురిస్తే ఒక దారి, తెరిపిస్తే ఒక దారి. రెండూ కాకుండా, అలిగి వచ్చిన చుట్టంలా గుమ్మంలోనే ముఖం మాడ్చుకుని ఉంది. ఆసుపత్రి వెనక తీగల మీద దుప్పట్లు మూడు రోజులుగా ఆరడం లేదు. మూగాయన గేటు దాటుతూ ఒక దుప్పటి అంచు వేళ్ళతో పట్టి చూశాడు. తడే. చెయ్యి పంచెకు తుడుచుకుని లోపలికి నడిచాడు.

మూగాయన అనేది పోలీసు ఉద్యోగంలో ఉండగా తోటివాళ్ళు పెట్టిన పేరు. ఆయనకు మాట లేక కాదు. అవతలివాడు మాట్లాడుతుంటే మధ్యలో దూరడం చేతకాదు, అంతే. ఉద్యోగం వదిలి ఆరేళ్ళయినా పేరు ఆయన్ని వదల్లేదు. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే వెళ్ళి చూస్తాడు. ఈసారి పిలిచింది చనిపోయినాయన కూతురు.

నరాల జబ్బుల వార్డు వసారాలో ఒక నర్సుపిల్ల గోడకు జానెడు ఎడంగా నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. అందరూ చిన్న సిస్టర్ అంటారు. ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది.

"ఎప్పటినుంచి నిలబడ్డావమ్మా?"

"ఏడున్నర నుంచి సార్."

గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది.

"గోడకన్నా ఆనుకోరాదూ?"

"ఇన్‌స్పెక్టరుగారు ఆనుకోవద్దన్నారు."

మూగాయన దవడ బిగిసింది. లోపలికెళ్ళి స్టూలు ఒకటి తెచ్చి ఆమె వెనక ఠక్కున పెట్టాడు. "కూర్చో. ఆయనకు నేను చెప్పుకుంటాను."

అప్పటికే ఆయన రానే వచ్చాడు. పేరు ఏదైతేనేం, స్టేషన్లో అందరికీ ఆయన ఇస్త్రీ ఇన్‌స్పెక్టర్. చొక్కా మడత నలగకుండా దొంగను పట్టుకోవాలని చూసే మనిషి. ఒకప్పుడు మూగాయన కిందే పని నేర్చుకున్నాడు.

"గురువుగారూ! రిటైరైన ఎద్దుకి మళ్ళీ కాడి ఎందుకండీ?"

"ఎద్దు ముసలిదైనా నాగటిచాలు తిన్నగా తీస్తుంది. ఆడపిల్లని గంటన్నర నిలబెట్టావేం?"

"నిలబెడితే నిజం దిగుతుందని."

"నిజం కాళ్ళలో ఉండదురా. కేసు చెప్పు."

ఇస్త్రీ వేళ్ళు ముడుస్తూ చెప్పాడు. గురువారం పొద్దున తొమ్మిదీ పదికి ఆరో మంచం మీద గడియారాల మాస్టారు పోయాడు. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. చివరి ఐదేళ్ళు కండరాలు సడలిపోయే జబ్బు. నరం పంపిన కబురు కండరానికి అందదు. రెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, ముదిరితే ఊపిరే ఆడదు. ఆ కబురు అందించడానికి రోజుకు నాలుగుసార్లు ఒక చిన్న తెల్ల బిళ్ళ. ఏడింటికి బిళ్ళ పడితే ఎనిమిదింటికి జావ మింగగలడు. బిళ్ళ ముందు, తిండి తరవాత. ఈ క్రమం తప్పితే ప్రాణం మీదికొస్తుంది.

"ఈ పిల్ల ఏడింటికి ఇచ్చానని చార్టులో సంతకం పెట్టింది," అన్నాడు ఇస్త్రీ. "ఆ బిళ్ళేమో మందుల గది చెత్తబుట్టలో దొరికింది. ఇవ్వకుండా సంతకం గీకేసి, ఎనిమిదింటికి జావ తాగించింది. గొంతులో అడ్డంపడి పోయాడు. పెద్ద డాక్టరు కూడా అలాగే రాసిచ్చాడు. పన్నెండింటికి జీపు వస్తుంది. జైలు సంగతి తరవాత, ముందు నర్సు పట్టా రద్దు. ఇంక ఏముంది గురువుగారూ, ఇందులో?"

"అడ్డంపడితే గిన్నెలో జావ మిగలాలి కదండీ!"

గుమ్మంలోంచి వచ్చింది ఆ మాట. మాస్టారి కూతురు. కుట్టుపని చేస్తుంది, మెడలో కొలత టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చింది. కళ్ళు ఏడ్చి ఎర్రబడ్డాయో, కోపంతోనో చెప్పడం కష్టం.

"నేను వచ్చేసరికి గిన్నె నాకినట్టుంది. మింగలేని మనిషి గిన్నె ఖాళీ చేస్తాడా? ఇదిగో, ఇది చూడండి." ఫోను మూగాయన ముఖం ముందు పెట్టింది. "ఏడూ నలభై ఒకటి. నాతో వీడియోలో మాట్లాడాడు. రెప్పలు చూడండి."

ఫోనులో ముసలాయన నవ్వుతున్నాడు. కళ్ళు బాగా విప్పారి ఉన్నాయి.

"బిళ్ళ పడకపోతే మా నాన్న రెప్పలు సగం మూసిన షట్టర్లలా ఉంటాయి. 'నా రెప్పలే నా గడియారం' అనేవాడు. ఆ రోజు రెప్పలు లేచాయి. అంటే మందు పడింది. ఇచ్చింది ఈ పిల్ల. ఇచ్చిన పిల్లని పట్టుకెళ్ళి, చంపినవాళ్ళని వదిలేస్తారా?"

"అమ్మా, ఆవేశపడకండి..."

"మీ నాన్న పోతే మీరు చొక్కా మడత సర్దుకుంటారేమో. నాకు చేతకాదు."

ఇస్త్రీ మడత సర్దుకుంటున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అదే సమయంలో ఒక పెద్దావిడ వసారాలోకి వచ్చింది. తెల్లచీర, నెరిసిన ముడి, అరిగిన చెప్పులు. పెద్ద సిస్టర్. చిన్న సిస్టర్‌కు సొంత పిన్ని. తల్లి పోయాక ఈ పిల్లను ఏడేళ్ళప్పుడు చంకనేసుకొచ్చి, చదివించి, తన వార్డులోనే పనికి పెట్టుకుంది. గ్లాసుతో నీళ్ళు అందించి, "ఏమన్నా తిన్నావుటే?" అంది. పిల్ల తల అడ్డంగా ఊపింది. పిన్ని ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఇస్త్రీ వైపు గాని మూగాయన వైపు గాని చూడలేదు. మూగాయన ఆ సంగతి గమనించాడు.

*

వార్డులో ఇరవై నాలుగు మంచాలు. ఆరో మంచం చుట్టూ తెర కట్టి ఉంది. దానికి పక్కనే మందుల గది. మధ్యలో చెక్క అడ్డు. రెంటికీ గురువారం పదకొండింటికే సీలు వేశారు. సీలు తీయించి మూగాయన ముందు మంచం దగ్గరికి వెళ్ళాడు.

చాలాసేపు చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. దిండు మీద పెద్ద మరక. నడుమ తెల్లగా, అంచుల్లో పసుపు గీత కట్టి, ఎండిన చెరువులా ఉంది. మంచం కింద మూడు తువాళ్ళు ముద్దలుగా పడున్నాయి. ఒకటి ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. జావ వాసన లేదు. ఉమ్మి, చెమట.

తరవాత మందుల గదిలోకి వెళ్ళాడు. గోడ మీద అట్టముక్క: 'నువ్వు తీయని మందు నువ్వు ఇవ్వకు.' దాని కింద బల్ల మీద పింగాణీ కల్వం, అందులో చిన్న రోకలి. మింగలేనివాళ్ళకు బిళ్ళలు అందులోనే నూరి నీళ్ళలో కలిపి పడతారు. పక్కనే వాడిన సూదులు వేసే పారదర్శకపు డబ్బా. మూగాయన కొళాయి కింద దోసిలి పట్టి కల్వంలో నాలుగు చుక్కలు విదిల్చాడు. వంగి చూశాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి. సూదుల డబ్బాను ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూసి, ఒకచోట ఆగిపోయాడు. అప్పుడు చిన్న సిస్టర్‌ను పిలిచాడు.

"గురువారం ఏడింటికి ఏం చేశావో చెప్పు తల్లీ."

"బిళ్ళ తీశాను. నూరాను. చెంచాతో పట్టాను. సంతకం పెట్టాను." పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"ఎలా నూరావు? కల్వం ముట్టుకోకు. రోకలితో బల్ల మీద కొట్టి చూపించు."

ఆమె రోకలి అందుకుంది. టక్, టక్, టక్, టక్. ఆపేసింది. "అంతే సార్. మెత్తటి బిళ్ళ."

అడ్డుకు అవతలనుంచి గొంతు ఖంగుమంది. "ఇది కాదు! ఆ రోజు దంచింది ఇలాక్కాదు!"

ఏడో మంచం. అవతల పడుకున్నది లారీ తాత. ముప్పై ఏళ్ళు లారీ తోలి, ఇప్పుడు చేతులు వణికే జబ్బుతో మంచం పట్టాడు. మూగాయన తల అటు తిప్పాడు.

"చెప్పండి తాతా."

"నా బిళ్ళ ఆరింటికండీ. అరగంట ఆలస్యమైతే నేను కొయ్యముక్కని. అందుకని నాలుగింటి నుంచే గడియారం చూస్తూంటాను, పాపం మాస్టారే ఇచ్చాడు, చీకట్లో ముళ్ళు మెరుస్తాయి. గురువారం నాలుగున్నరకి దంచడం మొదలెట్టారు. దంచారు, దంచారు... రాయి కొడుతున్నారా అనుకున్నా. పదినిమిషాలు! ఏడింటికి మాత్రం ఏ చప్పుడూ లేదు."

"మీకు నిద్ర పట్టలేదా?"

"పట్టకుండా ఎలా ఉంటుంది? రాత్రి పదింటికి మంచానికో పొట్లం పొడి నోట్లో పోస్తారుగా. పొద్దున ఎనిమిది దాకా వార్డంతా శవాలే! మాస్టారు ఒక్కడే తాగడు. తన జబ్బుకి నిద్రమందు పడితే ఊపిరి ఆగుతుందని. నన్నూ తాగొద్దన్నాడు. బుధవారం నుంచి నేను చెంపలో దాచి దిండు గలీబులోకి ఉమ్మేస్తున్నా. కావాలంటే గలీబు విప్పుకోండి!" వణికే చేతులతో ఆయన మంచం పట్టె గుద్దాడు. "ముసలాళ్ళు కదండీ, ఎవరికి చెప్పుకుంటాం? మేం మెలకువగా ఉంటే వీళ్ళకి పనెక్కువ!"

మూగాయన వెనక్కి తిరిగేసరికి చిన్న సిస్టర్ ముఖం గోడ సున్నంలా ఉంది.

"ఏడింటికి నువ్వు నూరలేదు," అన్నాడు.

ఆమె రోకలి బల్ల మీద పెట్టేసింది.

"సరే. అది వదిలెయ్. నేను పల్లెటూరి బళ్ళో చదివినవాణ్ణి, నాకు మందులు తెలియవు. పరీక్షలో అడిగారనుకో. ఆ తెల్లబిళ్ళ తక్కువైతే ఏమవుతుంది?"

"నీరసం. రెప్పలు వాలతాయి. మింగలేరు. ఊపిరి అందదు."

"ఎక్కువైతే?"

"అప్పుడూ నీరసమే సార్. ఊపిరి అందదు. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. కాకపోతే ఎక్కువైనప్పుడు..." ఆమె వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "నోట్లో నీళ్ళు ఊరిపోతాయి. చెమట. కన్నీళ్ళు. కడుపులో మెలి. కంటిపాప గుండుసూది మొనంత అయిపోతుంది. దానికి విరుగుడు అట్రోపిన్ ఇంజెక్షన్."

"మా ఊళ్ళో మొక్క కూడా ఇంతే. నీళ్ళు లేకపోయినా వాలుతుంది, వేళ్ళకి నీళ్ళు నిలిచినా వాలుతుంది. మట్టి ముట్టుకుంటే గాని తేడా తెలీదు. రా."

చెయ్యిపట్టి తెర లోపలికి తీసుకెళ్ళాడు. దిండు చూపించాడు. తువాళ్ళు చూపించాడు.

ఆమె ఆ దిండువైపు చూస్తూ నిలబడిపోయింది. పాఠంగా చదివింది ఎదురుగా దిండు మీద ఎండి ఉంది.

"నువ్వు ఇది చూళ్ళేదా?"

"లేదు సార్. ఎనిమిదీ ఐదుకి నన్ను తొమ్మిదో మంచం ఆయన్ని ఎక్స్‌రేకి తీసుకెళ్ళమన్నారు. అవతలి బిల్డింగు. నేను తిరిగొచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు."

"ఎవరు పంపారు?"

జవాబు బదులు మెడలో వేలాడే గుర్తింపు కార్డు కవరులోంచి ఆమె మడిచిన కాగితం ఒకటి తీసింది. మందు పొట్లం విప్పిన కాగితం. మీద నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు: 'ఆరో మంచం - పొద్దున ఏడు.' మడతల్లో ఇంకా కాస్త పొడి అంటుకుని ఉంది.

"ఇక్కడ అందరూ ఇలాగే చేస్తారు సార్. రాత్రి డ్యూటీవాళ్ళే పొద్దుటికి నూరి పొట్లాలు కట్టి పెట్టేస్తారు, మాకు వేళ కలిసొస్తుందని. ఆ అట్టముక్క తనిఖీవాళ్ళ కోసం. నేను కట్టని పొట్లం నేను ఇచ్చాను. నేను తీశానని సంతకం పెట్టాను. తప్పు నాదే. అందుకే..." కాగితం ఆయన చేతిలో పెట్టింది. "ఎక్కువైందని నాకు తెలీదు. నిజంగా తెలీదు."

"అక్షరాలు ఎవరివి?"

"నన్ను అడక్కండి."

మూగాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

ఇస్త్రీ మాత్రం మందుల గది గుమ్మం దగ్గర విరుచుకుపడ్డాడు.

"కథలు! లారీవాడి చప్పుళ్ళు, దిండు మరకలు! బిళ్ళ బుట్టలో దొరికింది గురువుగారూ, అది కథ కాదు."

"నీ పంచనామా తియ్. బుట్టలో ఏమేం దొరికాయో నువ్వే వరసన రాశావుగా. పైకి చదువు."

ఇస్త్రీ విసురుగా కాగితం తీశాడు. "పైన చేతి తొడుగులు రెండు. వాటి కింద రక్తపు చుక్కల దూది, చక్కెర పరీక్ష పట్టీలు పద్నాలుగు. అడుగున నలిపిన టీ కప్పు, అందులో తెల్లబిళ్ళ ఒకటి. చాలా?"

"చక్కెర పరీక్ష ఎన్నింటికమ్మా?"

"ఆరింటికి సార్. రోజూ," అంది చిన్న సిస్టర్.

"నువ్వు డ్యూటీ ఎక్కింది?"

"ఆరున్నరకి."

మూగాయన ఇస్త్రీ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. పెంచకపోవడమే భయంగా ఉంది. "గడ్డివాము చూశావా ఎప్పుడైనా? ముందు కోసింది కింద ఉంటుంది, తరవాత కోసింది పైన ఉంటుంది. ఆరింటి పట్టీలు పైన. బిళ్ళ వాటి కింద, నలిపిన కప్పు లోపల. జారి దిగే వీల్లేదు. అంటే ఆరింటికి ముందే ఎవరో, డబ్బాలో లెక్క తగ్గి కనిపించాలని, ఆ బిళ్ళని పారేశారు. అప్పటికి ఈ పిల్ల ఇంట్లో తల దువ్వుకుంటోంది. నీ చేత్తో నువ్వే రాసుకున్న కాగితంరా ఇది. ఒక్కసారి చదువుకుని ఉంటే ఆడపిల్లని గోడకి నిలబెట్టే పని ఉండేది కాదు."

"బుట్ట ఆరింటికే ఎత్తేస్తారు..."

"ఆ రోజు ఎత్తలేదు. పదింటికి పైనుంచి తనిఖీ వస్తోందని బుట్టలెత్తే చీపురమ్మని వసారా కడగమన్నారు, నాతో ఆవిడే చెప్పింది. నువ్వూ అడుగు."

ఇస్త్రీ మొహం ఎర్రబడింది. కాగితం మడిచాడు. మడత సరిగా పడలేదు.

"రాత్రి డ్యూటీ ఎవరు?" అన్నాడు చివరికి.

"నేనే," అంది వెనకనుంచి ఒక గొంతు.

పెద్ద సిస్టర్ గుమ్మంలో ఉంది. చేతిలో అన్నం క్యారియరు.

"పిన్నీ, నువ్వేం మాట్లాడకు," అంది చిన్న సిస్టర్.

"రామ్మా," అన్నాడు మూగాయన. "ఇలా వచ్చి ఈ కల్వం చూడు."

కొళాయి నీళ్ళు దోసిట్లో పట్టి మళ్ళీ కల్వంలో పోశాడు. నీళ్ళు పరుచుకోలేదు. తామరాకు మీద చుక్కల్లా ముద్దకట్టి దొర్లాయి.

"పింగాణీ మీద నీళ్ళు ఇలా దొర్లవు. కడిగినా పోని మైనం ఉంది. పొద్దుటి బిళ్ళలో మైనం ఉంటుందా?"

పెద్ద సిస్టర్ క్యారియరు బల్ల మీద పెట్టింది. చిన్న సిస్టరే అంది, నిద్రలో పలికినట్టు. "మాస్టారికి పడుకునేముందు ఇచ్చే రాత్రి బిళ్ళలో ఉంటుంది. అదే మందు. రాత్రంతా కొంచెం కొంచెంగా కరగాలని మైనంలో కలిపి చేస్తారు. దాన్ని నూరకూడదు. నూరితే రాత్రంతటి మందూ ఒక్కసారే..." ఆపేసింది. పిన్నివైపు తిరిగింది. "ఎన్ని నూరావు పిన్నీ?"

"మూడు."

ఎప్పుడొచ్చిందో, మాస్టారి కూతురు గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"చంపాలని కాదు," అంది పెద్ద సిస్టర్. గొంతులో వణుకు లేదు. "ఇరవై నాలుగు మంచాలు. రాత్రికి నేనొక్కదాన్ని, ఒక ఆయా. ఒకడు లేచి పడతాడు, ఒకడు అరుస్తాడు, ఒకడు గొట్టం పీక్కుంటాడు. మనుషుల్ని ఇవ్వమని మూడేళ్ళు అడిగాను. మనుషుల్ని ఇవ్వలేదు, పొడి ఇచ్చారు. మాస్టారు అదంతా పుస్తకంలో టైములతో సహా రాసుకున్నాడు. పదింటికి తనిఖీవాళ్ళకి చదివి వినిపిస్తానన్నాడు. బతిమాలాను. వినలేదు. ఒక్క రెండు గంటలు నాలుక మొద్దుబారితే చాలనుకున్నాను. పన్నెండుకల్లా లేచి కూర్చుంటాడనుకున్నాను."

"కేసు షీటు చూశాను. ఎనిమిదిన్నరకి చెమటలు పట్టాయి," అన్నాడు మూగాయన. "ఎనిమిదీ నలభైకి కుర్ర డాక్టరు వచ్చాడు. మందు తక్కువైందనుకున్నాడు. మట్టి ముట్టుకోలేదు. అదే జాతి మందు సూదితో ఇంకాస్త ఎక్కించాడు. అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"పక్కనే. తనిఖీ ఉందని డ్యూటీ దిగినా ఉండిపోయాను."

"ఏమన్నావు?"

ఆమె నేలవైపు చూసింది.

"నేను చెప్పనా?" మూగాయన సూదుల డబ్బా వైపు వేలు చూపించాడు. ఇస్త్రీ వంగాడు. లోపల వాడేసిన ఖాళీ సిరంజిల మధ్య ఒకటి మాత్రం నిండుగా ఉంది, మూత తీయకుండా. గొట్టం మీద తెల్ల టేపు ముక్క. టేపు మీద నీలం సిరా, గుండ్రటి అక్షరాలు.

"చదువు," అన్నాడు ఇస్త్రీతో.

"అట్రోపిన్. ఎనిమిదీ ముప్పై ఐదు."

"మంచి నర్సు చెయ్యి అది. మందు సిరంజిలోకి తీయగానే పేరూ టైమూ రాయకుండా ఉండలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు." మూగాయన గొంతు అప్పుడు చీలింది. "డాక్టరు రావడానికి అయిదు నిమిషాల ముందే నీకు తెలుసు. విరుగుడు నీ చేతిలో ఉంది. పొడిస్తే ఆయన బతికేవాడు. పొడిస్తే, ఎక్కువైందని నీకెలా తెలుసని అడుగుతారు. అందుకని ముప్పై అయిదు నిమిషాలు సిరంజి కొంగు చాటున పెట్టుకుని నిలబడ్డావు. ఆయన ఉమ్మి తువాళ్ళతో తుడుస్తూ నిలబడ్డావు! పొద్దున మూడు బిళ్ళలు నూరింది పొరపాటని నువ్వు చెబితే వింటాను. ఆ ముప్పై అయిదు నిమిషాలకి ఏం పేరు పెడతావు?"

"ఇద్దామనే తీశాను," అంది ఆమె.

"ఆ తరవాత మూడు రోజులు నోరు విప్పలేదు. ఈ పిల్లని గోడకి నిలబెడితే చూస్తూ మంచినీళ్ళు ఇచ్చావు."

"పెద్ద డాక్టరుగారు కేసు లేకుండా చూస్తానన్నారు. పిల్లకి ఏమీ కాదన్నారు." మొదటిసారి ఆమె తలెత్తింది. "ఆ నిద్రపొడి మందుచీటీలు కూడా చూడండి సార్. ఖాళీ చీటీల మీద ముందే సంతకాలు చేసి కట్టలు కట్టిచ్చింది ఎవరో చూడండి. నన్ను తీసుకెళ్ళండి. కానీ ఈ రాత్రి డ్యూటీకి వచ్చేవాళ్ళ అల్మారాలో కూడా ఇరవై నాలుగు పొట్లాలు ఉన్నాయి."

మూగాయన ఇస్త్రీ వైపు చూశాడు. ఇస్త్రీ మారుమాట లేకుండా అల్మారా తాళం కోసం బయటికి పరిగెత్తాడు. చొక్కా వెనక పైకి లేచిపోయింది. సర్దుకోలేదు.

మాస్టారి కూతురు ముందుకొచ్చింది. చెయ్యి లేచింది గాని కొట్టలేదు. కొలత టేపు మెడలోంచి లాగి పిడికిట్లో చుట్టుకుంది, వేళ్ళు తెల్లబడేదాకా.

"మా నాన్నకి నొప్పి తెలిసిందా?" అంది.

పెద్ద సిస్టర్ అబద్ధం ఆడలేదు. "తెలివి చివరిదాకా ఉంటుందమ్మా."

*

పదకొండూ నలభై అయింది. జీపు ఇంకా రాలేదు.

"సార్," అంది పెద్ద సిస్టర్. "పిల్ల నిన్న రాత్రి నుంచి ఏమీ తినలేదు. ఈ పట్టెడన్నం తిననివ్వండి. నేనెక్కడికీ పోను."

మందుల గది వెనక నర్సులు తినే గది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక కిటికీ. కిటికీలోంచి మబ్బు అలాగే కనిపిస్తోంది. మూగాయన తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. చిన్న సిస్టర్ కిటికీ వైపు. పెద్ద సిస్టర్ క్యారియరు గిన్నెలు విప్పుతుంటే మాస్టారి కూతురు లోపలికి వచ్చి నాలుగో కుర్చీ లాగింది.

"మీరు..." అన్నాడు మూగాయన.

"నేనూ కూర్చుంటాను. ఎలా మింగుతుందో చూస్తాను."

పెద్ద సిస్టర్ పళ్ళాలు పరిచింది. రోజూలాగే ముందు పిల్లకి వడ్డించింది, అన్నం మధ్యలో గుంట చేసి, కూర అందులో పెట్టి. తరవాత మిగతావాళ్ళకి. చివర తనకి.

చిన్న సిస్టర్ తన ముందున్న పళ్ళెంవైపు చూసింది. చాలాసేపు చూసింది. తరవాత దాన్ని రెండు చేతులతో నెమ్మదిగా బల్ల నడిమికి జరిపింది. లేచి గూట్లోంచి ఖాళీ పళ్ళెం తెచ్చుకుంది. గరిటె తీసుకుని, తన అన్నం తనే పెట్టుకుంది.

పెద్ద సిస్టర్ చెయ్యి గిన్నె మూత మీద అలాగే ఉండిపోయింది.

నలుగురూ తినడం మొదలుపెట్టారు. అడ్డుకు అవతల లారీ తాత దగ్గు ఒకసారి వినిపించి ఆగిపోయింది. పెద్ద సిస్టర్ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. మాస్టారి కూతురు తన పళ్ళెంవైపు చూడకుండా తింటూ, ఆవిడ గొంతువైపే చూస్తోంది.